కోరా గుడ్డ చొక్కా

నరసరావుపేట కచేరీ వీధిలో పేర్రాజు పంతులుగారి కాఫీ హోటలు అరుగు మీద నా కుట్టు మిషను ఉండేది. పదకొండేళ్ళు అక్కడే కూర్చున్నాను. ఎండ పడని చోటు, ఎదురుగా కోర్టు, వెనక కాఫీ వాసన. ఊళ్ళో ఏ దర్జీకీ ఇలాంటి చోటు లేదని నా భార్య కరీమున్నీసా కనపడిన వాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ చోటు నిలుపుకోవడానికి నేనేం చేశానో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

హోటలు గుమ్మం పక్కన ఒక బోర్డు వేలాడేది. ‘చొక్కా తొడిగి, శుభ్రమైన దుస్తులు ధరించిన వారికే లోపల ప్రవేశం’ అని. అంతకు ముందు అదే చెక్క మీద ఏ కులాల వాళ్ళు లోపలికి రాకూడదో రాసి ఉండేది. కులం పేరు చెప్పి మనిషిని ఆపకూడదని పైనుంచి మాటలు రావడం మొదలయ్యాక పంతులుగారు ఆ చెక్కనే తిరగేయించి కొత్త రాత రాయించారు. గాలి గట్టిగా వీస్తే చెక్క మెలి తిరిగి పాత రాత బయటపడేది. నేను లేచి సరిచేసేవాణ్ణి. ఎవరూ చెప్పకుండానే చేసేవాణ్ణి, అదీ నా బుద్ధి.

కోర్టుకు వచ్చే పల్లెల వాళ్ళు పంచె కట్టి, తలకు గుడ్డ చుట్టి, ఒంటి మీద మరేమీ లేకుండా వచ్చేవాళ్ళు. వాళ్ళకేం సిగ్గు, పుట్టినప్పటినుంచీ అలాగే తిరిగారు. పంతులుగారికి మాత్రం సిగ్గు ముంచుకొచ్చేది. ‘నలుగురు పెద్దమనుషులు కూర్చునే చోటయ్యా ఇది’ అనేవారు. ఆ పెద్దమనుషుల్లో సగంమంది లోపల చొక్కా విప్పి వంకీకి తగిలించి, విసనకర్రతో విసురుకుంటూ పెసరట్లు తినేవాళ్ళు. అదంతా నాకు కిటికీలోంచి కనిపించేది.

నా దగ్గర ఎవరో కుట్టించుకుని మళ్ళీ రాని చొక్కా ఒకటి మేకుకు వేలాడుతుండేది. పాపం అనిపించిన వాళ్ళకి అది తొడిగి లోపలికి పంపేవాణ్ణి. వాళ్ళు తిరిగొచ్చి విప్పి ఇచ్చేవాళ్ళు. ఓ రోజు పంతులుగారు గుమ్మంలో నిలబడి, "జమాలూ, ఈ చొక్కా పొద్దుటినుంచి నాలుగుసార్లు లోపలికొచ్చింది. మనిషే మారుతున్నాడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అరుగు ఎవరిదో గుర్తుంచుకోమని ఆ నవ్వుకు అర్థం. ఆ తర్వాత ఆ చొక్కా ఎవరికీ ఇవ్వలేదు. ఆ రోజు నాలుగోవాడుగా ఆ చొక్కా తొడుక్కుని, గుమ్మంలోనే ఆగి వెనక్కి వచ్చినవాడు జక్కయ్య.

జక్కయ్యది రొంపిచర్ల దారిలో ఒక పల్లె. కిరస్తానీ కుటుంబం, కూలి బతుకు. వాళ్ళ అమ్మ ప్రేమమ్మ, మొగుడు పోయాక, రాళ్ళు ఏరి, తుమ్మ మొదళ్ళు పీకి రెండెకరాల బీడు సాగులోకి తెచ్చింది. ఇరవై ఏళ్ళు శిస్తు కట్టింది. నేల బాగుపడ్డాక ఊళ్ళో పెద్దరైతుకు అది తన తాతల ఆస్తి అని గుర్తొచ్చింది. దావా వేశాడు. జక్కయ్య తరఫున కోటేశ్వరరావు అనే ప్లీడరు వాదించేవాడు. ఆయన గుంటూరు నుంచి పొద్దుటి రైల్లో దిగి, నేరుగా పంతులుగారి హోటల్లో లోపలి గదికి పోయి, కోర్టు వేళ దాకా అక్కడే కేసుల వాళ్ళను చూసేవాడు. వీధిలో కాగితాలు చూడడం ఆయన పద్ధతి కాదు. జక్కయ్య కోర్టు మెట్ల దగ్గర రెండుసార్లు అడ్డం పడితే, "చొక్కా తొడుక్కుని హోటల్లోకి రావయ్యా, రోడ్డు మీద ఏం మాట్లాడతాను?" అని పోయాడు.

చొక్కా ఎక్కడినుంచి వస్తుంది? అవి గుడ్డ కంట్రోలు రోజులు, సర్కారు డిపోలోనే గుడ్డ అమ్మేవాళ్ళు. డిపో ముందు తెల్లవారుజామునుంచి నిలబడితే ‘స్టాకు లేదు’ అనే మాట దొరికేది. పెళ్ళికీ చావుకీ మాత్రం మునసబు చీటీ రాసిస్తే కాస్త గుడ్డ ఇచ్చేవాళ్ళు. పెళ్ళి చీటీకి పలుకుబడి కావాలి. చావు చీటీకి చావు ఉంటే సరిపోయేది.

ఆ యేడు ఎండాకాలం మొదట్లో జక్కయ్య చంకలో చిన్న మూటతో నా దగ్గరికి వచ్చాడు. మూటలో తెల్లని కోరా గుడ్డ, గంజి కూడా పోలేదు.

"అమ్మ పోయింది భాయ్" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. అతను ఆపాడు.

"ఆమే చెప్పింది, పోయేముందు. ‘నేను పోతే కంట్రోలు గుడ్డ వచ్చిద్దంట గదరా, దాంతో చొక్కా కుట్టించుకో. వకీలు దగ్గరికి పో. నాకెందుకు కొత్త గుడ్డ, మట్టి దగ్గర నాకేం సిగ్గు’ అంది. పాత చీరతోనే పెట్టాం. ఆ చేలోనే పెట్టాం, ఆమె అడిగిన చోట." గుడ్డ నా ముందు పెట్టి, "ఆమె పెట్టె అడుగున శిస్తు రసీదు దొరికింది భాయ్. మొట్టమొదటిది. అది వకీలు చేతిలో పడితే చేను మాదే. మొన్న మెట్ల మీద పోతా పోతా అన్నాడు, అట్టాంటిది ఒక్కటి తెస్తే చాలని" అన్నాడు.

మా వాళ్ళలో శవానికి చుట్టే కఫను గుడ్డకు కత్తెర పెట్టం, చేత్తో చింపుతాం. ఆ గుడ్డ ముందు పెట్టుకుని చాలాసేపు కత్తెర పట్టలేకపోయాను. చివరికి బిస్మిల్లా అని కోశాను. కొలత చాలలేదు. ముసలామె పొట్టి మనిషి, మునసబు ఆమె పొడవుకే రాశాడు. జక్కయ్య ఆరడుగులవాడు. చేతులు మోచేతి దాకానే తెచ్చి, కాలరు సన్నం చేసి, ఎలాగో లాక్కొచ్చాను.

ఒక్క ముక్క మిగిలింది, కొసది. దాని మీద ఊదారంగు ముద్ర ఉంది. చావు గుడ్డను ఎవరూ బజార్లో అమ్ముకోకుండా ఆ డిపో గుమస్తా కొసన అలా ముద్ర కొట్టి ఇచ్చేవాడు. ఆ ముక్కను పారేయాల్సింది. కానీ కంట్రోలు కాలంలో బెత్తెడు గుడ్డ పారేసే దర్జీ ఎవడు? రసీదు చెమటకు తడవకూడదని జేబు వెనక రెండో పొరగా దాన్ని వేశాను, ముద్ర లోపలికి తిప్పి. తెలివైన పని చేశాననుకున్నాను. జక్కయ్యకు చూపించి మెప్పు కూడా పొందాను.

వాయిదా రోజు జక్కయ్య తొలికోడి కూయగానే బయల్దేరి నడిచి వచ్చాడు. అది ఆఖరి వాయిదా. పదకొండు గంటలకు జడ్జీ కూర్చునేలోపు ప్లీడరు రసీదు చూసి, అర్జీ రాసి దాఖలు చేయాలి. అప్పటికి తొమ్మిదిన్నర. చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళికొడుకులా అరుగెక్కాడు. పల్నాడు ఎండలో అన్ని మైళ్ళు నడిచిన మనిషి, నిలువునా చెమటతో తడిసిపోయి ఉన్నాడు. నేను అతని ముఖమే చూశాను. జేబు చూడలేదు.

పంతులుగారు గల్లాపెట్టె దగ్గరినుంచి తలెత్తి పైనుంచి కిందికి చూశారు. చొక్కా ఉంది, తెల్లగా ఉంది, బొత్తాలు పెట్టి ఉన్నాయి. జక్కయ్య గడప మీద కాలు పెట్టాడు. గెలిచాడురా అనుకున్నాను. ఇన్నేళ్ళలో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఆగు. జేబు మీద ఆ రంగేమిటి?" అన్నారు పంతులుగారు.

చెమటకు ఊదారంగు పొరలు దాటి పైకొచ్చింది. గుండె మీద, వెడల్పుగా, గుండ్రంగా. అక్షరాలు చెదిరాయి గానీ ఆ ముద్ర తెలియని ఇల్లు ఆ యేడు తాలూకాలో లేదు.

"ఇది చావు ముద్ర కదూ? శవం మీది గుడ్డ తొడుక్కుని నలుగురు తినేచోటికి వస్తావా?"

లోపల తినేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఎవరో విస్తరి ముందుకు తోసి లేచాడు.

"శవం మీద కప్పలేదయ్యా. కొత్తది. మా అమ్మ నాకే..." అని జక్కయ్య తడబడ్డాడు. "బోర్డు మీద చొక్కా అనే గదా రాసుంది. తొడుక్కొచ్చా గదయ్యా."

పంతులుగారు నా వైపు తిరిగారు. "జమాలూ, ఈ కుట్టు నీదే. తెలిసే కుట్టావా?"

వీధి వీధంతా నా వైపే చూస్తోంది. పదకొండేళ్ళ అరుగు. ఇంట్లో కరీమున్నీసా, ముగ్గురు ఆడపిల్లలు. ఇవన్నీ ఆలోచించానని చెప్పుకుంటే బాగుండేది. ఏమీ ఆలోచించలేదు. నోరు దానంతట అదే చెప్పింది.

"తెలియదండి పంతులుగారూ. తెలిస్తే ముట్టుకునేవాణ్ణా?"

జక్కయ్య నా వైపు చూశాడు. నన్ను తిట్టినా, నేను తెలిసే కుట్టానని అరిచినా నాకు సుఖంగా ఉండేది.

అతను గుమ్మంలోంచే లోపలి గది వైపు కేక పెట్టాడు. "బాబుగారూ, రసీదు దొరికింది! మా అమ్మ పేరు మీద రసీదు!" లోపలినుంచి కోటేశ్వరరావుగారి గొంతు వినిపించింది. "ఎవరయ్యా ఆ గోల? పంపేయండి." పంతులుగారు తలుపు ఒక రెక్క మూశారు.

జక్కయ్య నా దగ్గరికి వచ్చి రసీదు తీశాడు. తాటాకు మడతలో భద్రంగా, పొడిగా ఉంది. "నువ్వన్నా లోపలికి తీసకపోయి ఇయ్యి భాయ్. నిన్ను పోనిస్తారు గదా."

నన్ను పోనిస్తారు. నాకు టోపీ ఉంది, చొక్కా ఉంది, మీద వెయిస్టుకోటు కూడా ఉంది. పది అడుగుల దూరం. పంతులుగారు మూయని రెక్కలోంచి నన్నే చూస్తున్నారు.

"మిషను వదిలి రాలేను జక్కయ్యా. కోర్టు దగ్గరే ఇవ్వు" అన్నాను.

కోర్టు దగ్గరే ఇచ్చాడు. ప్లీడరుగారు గంట కొట్టే వేళకు వచ్చారు. ఆయన రసీదు చదివి, ‘ఇంత మంచి కాగితం ఇప్పుడా తెచ్చేది’ అని నెత్తి కొట్టుకున్నారట. జడ్జీగారు, రెండు గడువులు ఇచ్చాను, ఇక తీసుకోను అన్నారట. చేను పోయింది. ఆ మధ్యాహ్నం పంతులుగారు నాకు ఎన్నడూ లేనిది గ్లాసు నిండా కాఫీ పంపించారు. తాగాను. బాగానే ఉంది.

పై కోర్టుకు పోయే తాహతు జక్కయ్యకు లేదు. డిక్రీ అమలు కావడానికి ఇంకో యేడు పట్టింది. ఆ తొలకరికి తెల్లవాళ్ళు వెళ్ళిపోతున్నారని హోటల్లో రోజూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. బోర్డు అలాగే ఉంది. ఒక పొద్దున జక్కయ్య వచ్చాడు, ఒంటి మీద చొక్కా లేకుండా, చంకలో చిన్న మూటతో.

మూటలో ఆ చొక్కానే. ఉతికి మడిచాడు. ఆ రోజు తర్వాత తొడిగినట్టు లేదు.

"దీన్ని విప్పి మళ్ళీ గుడ్డ చేస్తావా భాయ్?"

"ఎందుకు?"

"రేపు చేలో అరక కడతారంట. అమ్మ ఆడే ఉంది గదా. నాగలి కింద పడనీయలేను. ఈ సాయంత్రం తవ్వి, గుడి దొడ్లోకి తెచ్చి పెట్టుకుంటా. పాస్టరుగారు చోటిస్తానన్నాడు. తీసుకురావడానికి గుడ్డ కావాలి. మునసబుని అడిగా. ఒక మనిషి చావుకి రెండుసార్లు గుడ్డ ఇయ్యరంట."

నేను తల ఎత్తలేకపోయాను. "ఆ రోజు నేను..." అన్నాను.

"విన్నాలే భాయ్. పిల్లలున్నోడివి. ముందు పని కానీ."

మధ్యాహ్నం దాకా కుట్లు విప్పాను. చొక్కా ముక్కలు ముక్కలుగా నా ఒళ్ళో పడింది. వెనక భాగం, ముందరి రెండు భాగాలు, పొట్టి చేతులు, సన్నని కాలరు. పరిచి, అంచుకు అంచు కలిపి కుట్టాను. ఎంత తిప్పి వేసినా చంకలు కోసిన చోట రెండు కంతలు మిగిలాయి. ఒకదానికి జేబు వెనక వేసిన ముద్ర ముక్క సరిపోయింది. రెండోదానికి ఏమీ లేదు. మేకుకు వేలాడుతున్న చొక్కా అందుకుని కత్తెర తీశాను.

"అది వద్దు భాయ్" అన్నాడు జక్కయ్య. "చానామంది తొడిగిన చొక్కా అది."

"మరి ఈ కంత?"

అతను గుడ్డ తీసుకుని వెలుగుకు ఎత్తి చూశాడు. కంతలోంచి హోటలు గుమ్మం కనిపించింది.

"ఉండనీలే. యేడాది దాటింది గదా, ఎముకలే ఉంటాయి. పెద్దవి జారిపోవు. చిన్నవి చేత్తో పట్టుకుంటా."

గుడ్డ నాలుగు మడతలు వేసి భుజాన వేసుకుని అరుగు దిగి వెళ్ళాడు. గాలికి బోర్డు మెలి తిరిగి పాత రాత బయటపడింది. నేను లేచాను, ఎప్పటిలాగే సరిచేసి వచ్చి మిషను ముందు కూర్చున్నాను.