చేతులు దాచని కృపారాణి

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో తాతాజీ సూపర్‌వైజరు. ఆయన కింద నలభైమంది ఆడవాళ్లు పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తారు. ఆ నీళ్లలో క్లోరిన్ ఎంత కలపాలో గోడమీద రాసే ఉంది. కానీ కొలిచేవాళ్లు లేరు, ఉజ్జాయింపుగా పోసేసేవారు. గ్లౌజులు వారానికి ఒక్క జత, రెండో రోజుకే చిరిగేవి.

ఆ వానాకాలం చాలామంది చేతులు పాడయ్యాయి. వేళ్ల సందులు నాని, చీలి, అన్నం కలుపుకోబోతే భగ్గున మండేవి. అందరికంటే కృపారాణికి ఎక్కువ.

ఇంతలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు సుప్రియగారు తనిఖీకి వస్తున్నారని తెలిసింది.

"చేతులు బాగోలేనివాళ్లని ఇవాళ్టికి ఇంటికి పంపెయ్. జీతం కొయ్యంలే," అన్నాడు మేనేజరు.

తాతాజీ పద్నాలుగుమందిని పిలిచి చెప్పాడు. అందరూ సంచులు తీసుకున్నారు, కృపారాణి తప్ప.

"వెళ్లమ్మా, జీతం ఇస్తారుగా."

"జీతం కోసం కాదండి. బాగున్న చేతులే చూసెళ్తే ఆవిడకేం తెలుస్తుందండి? మీరు చెప్తారా?"

సంచి తీసుకుని గుమ్మందాకా వెళ్లిన వీరమ్మ వెనక్కొచ్చి బల్ల దగ్గర నిలబడింది. తర్వాత మిగతావాళ్లూ వచ్చేశారు.

సుప్రియగారు రాగానే కృపారాణి గ్లౌజులు తీసి చేతులు చాపింది. గొంతు పెంచలేదు, ఎవరినీ తిట్టలేదు.

"పని మానేస్తామనట్లేదండి. క్లోరిన్ కొలిచి కలపమనండి. గ్లౌజులు చిరిగిన రోజే మార్చమనండి."

"ఇక్కడ క్లోరిన్ ఎవరు కొలుస్తారు?" అని అడిగారావిడ.

మేనేజరు తాతాజీకేసి గుర్రుగా చూశాడు. ఆ చూపుకి పన్నెండేళ్లుగా భయపడుతూనే ఉన్నాడు తాతాజీ. కానీ ఎదురుగా ఆ పిల్ల చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

"ఎవరూ కొలవట్లేదండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నుంచి ప్లాంటుకి నోటీసు వచ్చింది. మేనేజరు నెల్లాళ్లు తాతాజీతో మాట్లాడలేదు. అయినా ప్రతి తొట్టెలో క్లోరిన్ కొలిచి కలపడం మొదలైంది. గ్లౌజులు ఏ రోజువి ఆ రోజే ఇస్తున్నారు, చర్మం డాక్టరు నెలకోసారి వస్తున్నాడు. కృపారాణి చేతులు మానడానికి మూడు నెలలు పట్టింది.

ఆడవాళ్లంతా కలిసి ఆమెని సేఫ్టీ కమిటీకి ఎన్నుకున్నారు. మొదటి మీటింగులో తన బల్లవాళ్లకేదో అడుగుతుందనుకున్నాడు తాతాజీ.

"ఐసు మోసే మగాళ్లకి బూట్లు లేవండి. పాపం, వాళ్ల కాళ్లు చూశారా ఎప్పుడైనా?" అందామె.

ఆయన చూడలేదు. మీటింగు అవ్వగానే లేచి ఐసు గదికి నడిచాడు.