పచ్చ అంటే ఏ పచ్చ?

మా ఆయన దేవరాజన్ మళ్లీ పచ్చి తక్కాళికాయలే, అంటే టమాటాలే, తెచ్చాడు. డిస్పెన్సరీలో నర్సు డ్యూటీ దిగి వచ్చి, ఆరు బిందెల నీళ్లు పట్టి, పిండి రుబ్బి, ఆ కాయలతోనే రసం పెట్టాను. మా అత్త సెల్లమ్మాళ్ ఒక గుక్క తాగి, "ఊసి వేసే చేతికి రసం యాడ వస్తాది?" అంది, నా సూదిమందు పనిని ఎత్తిపొడుస్తూ. పదేళ్లుగా ఇదే మాట. కాయలు తెచ్చినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఆ రోజు ఆయనకు రసం మీద ధ్యాస లేదు. జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పడేశాడు. ఈ అరవ దేశంలో, సింగానల్లూరు దగ్గరి మిల్లులో నూలు కోన్లు పెట్టెల్లో సర్దే పని ఆయనది. ఎర్ర మొన కోన్లది ఒక నంబరు నూలు, ఆకుపచ్చ మొన కోన్లది ఇంకో నంబరు. మూడోసారి రెండూ కలిపేశాడట. తాగి పనికొస్తున్నాడని సూపర్‌వైజరు రాశాడు. సోమవారం విచారణ, ఆపైన ఉద్యోగం ఊడటమే. నా మొగుడు కాఫీ తప్ప ఏదీ ముట్టడు. నాకు ఒళ్లు మండింది.

"మనకు పచ్చంటే పసుపు, ఆ అరవోళ్లకు పచ్చంటే ఆకు రంగు. అంతా బాసలోనే తకరారు" అంది అత్త. ఇంట్లో అందరం ఇన్నేళ్లూ అలాగే సరిపెట్టుకున్నాం. పసుపూ ఆకుపచ్చా కలిస్తే మాట తేడా అనుకోవచ్చు, మరి ఎరుపు ఎందుకు కలిసినట్టు? రోగి చెప్పినదాంట్లో అతకని ముక్కనే గట్టిగా పట్టుకోమనేది మాకు పాఠం చెప్పిన మేట్రన్.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో ఎండలో రంగురంగుల నూలు ముక్కలు పోశాను. "ఒక్కో రంగు ఒక్కో కుప్ప పెట్టు మామా" అన్నాను. "నేనేమన్నా చిన్నబిడ్డనా?" అని గొణుగుతూనే పెట్టాడు. ఎరుపు, ఆకుపచ్చ, మట్టిరంగు, అన్నీ ఒకే కుప్పలో! సంతోషంతో ఎగిరి గంతేయాలనిపించింది. తాగుడూ కాదు, అశ్రద్ధా కాదు, పుట్టుకతో వచ్చిన చూపు.

"అత్తా, మీ అయ్యకు రంగులు తెలిసేవా?"

అత్త పగలబడి నవ్వింది. "మా అయ్యకా! ఎర్రావు గడ్డిలో ఎదురుగా మేస్తుంటే, ఆవు యాడ పోయెనో అని ఊరంతా వెదికేవాడు!"

"అదే ఇది. ఆయన నుంచి మీకు, మీ నుంచి మీ కొడుక్కి."

నవ్వు ఆగిపోయింది. "నా వల్లనా?"

పదేళ్లుగా పడ్డ మాటలన్నీ నా నాలుక చివరికొచ్చాయి. ఒక్క క్షణం ఆ రుచి చూశాను కూడా, అబద్ధమెందుకు? ఆమె ముఖం చూసి మింగేశాను.

"మీ తప్పేం లేదత్తా. ముక్కు వచ్చినట్టే ఇదీ వచ్చింది. మీ మనవరాలూ దీన్ని మోస్తుంది, తన చూపుకేం కాదు. రేపు తన మగపిల్లల్లో రావచ్చు."

"అట్లయితే ఎవురికీ సెప్పొద్దు. బిడ్డకు పెండ్లి కావాల."

"చెప్పకపోతే మీ కొడుకు తాగుబోతు."

ఆయన తలెత్తాడు. "నువ్వే వచ్చి సెప్పు వల్లీ" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నన్ను ఒక సాయం అడగడం అదే మొదటిసారి.

సోమవారం మా డిస్పెన్సరీ డాక్టరు రాసిచ్చిన చీటీ, నూలు ముక్కలు పట్టుకుని వెళ్లాను. మేనేజరు మా తెలుగాయనే. తానే దగ్గరుండి కుప్పలు పెట్టించి చూసి, ఆ కాగితం చించేశాడు. "ఇతన్ని తూకానికి మారుస్తాం. మరి కోన్లు సర్దే ఆ బల్ల దగ్గర ఎవర్ని పెట్టేదమ్మా? ఇట్లాంటోళ్లు ఇంకా ఎంతమంది ఉండారో!"

"వందమంది మగవాళ్లలో నలుగురైదుగురు ఉంటారు సార్. ఆడవాళ్లలో వందకొకరు కూడా దొరకరు. నూలు చుట్టే రీలింగులో నలభైమంది ఆడవాళ్లున్నారు, వాళ్లను కూర్చోబెట్టండి" అన్నాను. "కూలి మాత్రం మా ఆయనకిచ్చినంతే ఇవ్వండి."