బొమ్మక్క నిలబడ్డ చోటు

కాళ్లు జానెడు ఎడంగా పెట్టి, చేతులు ఒంటికి తగలకుండా కాస్త దూరంగా ఉంచి, ఎదుటి గోడమీది బీటను చూస్తూ నిలబడి ఉంది చెల్లెలు. అక్క ఆమె చుట్టూ మోకాళ్లమీద తిరుగుతోంది. అక్క పెదాల మధ్య గుండుసూదులున్నాయి. అవి ఉన్నంతసేపూ ఆవిడ మాటలు పళ్ల సందుల్లోంచే వస్తాయి. చెల్లెలికి తప్ప ఇంకెవరికీ అర్థం కావు.

"ఊపిరి పట్టు."

పట్టింది. టీచరమ్మ కోటు పక్క కుట్టు వెంట సూదులు ఒకదాని కింద ఒకటి దిగాయి.

"ఊ, వదులు."

వదిలింది. ముక్కులోంచి వచ్చే చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు అది. అది వినబడితేనే అక్క తరవాతి సూది తీస్తుంది.

అక్క మిషను కొన్న కొత్తలో చెల్లెలు ఇంకా రెండు జడల పిల్ల. కిటికీ పక్కన వెలుతురు పడేచోట ఓసారి నిలబడమంది అక్క. నిలబడింది. ఇప్పుడు జుట్టు ముప్పావు వంతు తెల్లబడింది. ఆ చోట గచ్చు రెండు పాదాల మేర నున్నగా అరిగి, గది ఊడ్చినప్పుడల్లా మిగతా నేలకంటే మెరుస్తుంది. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇంచుమించు ఆమె ఒడ్డూ పొడుగే. కాస్త లావుపాటి వాళ్లవైతే నడుముకు తువ్వాలు చుట్టుకునేది. ఊళ్లో ఎంతమంది పెళ్లికూతుళ్ల బట్టలు వాళ్లకంటే ముందు ఆమె ఒంటిమీదికి వచ్చాయో లెక్కలేదు. తనకు మాత్రం అక్క కట్టి విడిచినవే చాలేవి. వీధంతా ఆమెను బొమ్మక్క అనేది. మొదట్లో ఆ మాట వింటే మొహం ముడుచుకునేది. పోనుపోనూ, ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తనను కాదనుకునేది.

ఈ మధ్య సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయి. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు. మీరేం పని చేస్తారని అడిగాడు.

"నిలబడతానండి" అంది.

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి తనూ ఆపేసి, ఇకమీదట నిలబడకూడదన్నాడు.

అందుకని అక్కాచెల్లెళ్లిద్దరూ బజారుకు వెళ్లి, దర్జీలకు కావలసిన సరుకులమ్మే దుకాణంలో బొమ్మలు చూసి వచ్చారు. మర తిప్పితే నడుము పెరిగేది ఒకటి, గుడ్డ తొడిగిన అట్టది ఒకటి. అక్క వాటి భుజాలు తడిమి, నడుములు తడిమి, పెదవి విరిచింది. "ఇలాంటి నడుము ఎవత్తెకుందే ఊళ్లో? దీనిమీద కుడితే గిరాకీలు కత్తులు పట్టుకొస్తారు." ఇంట్లోనే చేసుకుందాం, నీ ఒంటిమీదే అచ్చు తీద్దాం అంది. చెల్లెలు తలూపింది.

ఆ అచ్చు తీసేది ఈరోజే. కోటు విప్పించి, బిగుతైన పాత బనీను తొడిగి, మెడకు పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, అక్క అంటుకునే గుడ్డ టేపు చుట్ట విప్పింది. ఎద కింద నుంచి ఒక పట్టీ, భుజం మీదుగా ఏటవాలుగా ఇంకొకటి, వీపుమీద అడ్డంగా మరొకటి. ముడత పడినచోట గోటితో గీసి అదిమేది. టేపు చుట్ట చిన్నదవుతున్నకొద్దీ చెల్లెలి ఒళ్లు బిర్రబిగిసింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

ఉంది. కానీ ఆమెను లోపల తొలుస్తున్నది అది కాదు. ఈ బొమ్మ తయారయ్యాక తను ఈ ఇంట్లో దేనికి? కుట్టడం రాదు. చిన్నప్పుడు సూది పట్టుకోబోతే, వేలు పొడుచుకుని గుడ్డకు నెత్తురు పూస్తావని అక్క లాక్కునేది. వంట చేస్తే అక్కకు నచ్చదు. ఆమెకు వచ్చిందల్లా కదలకుండా ఉండటం. దానికి ఇంత టేపు సరిపోయింది.

ఎన్నడూ లేనిది, టేపు చుడుతుండగా నోరు తెరిచింది. "అక్కా, దీనిమీద మొదట ఏం కుడతావ్?"

"నీకే గౌను కుడతానే. పెట్టెలో ఆ నీలం చుక్కల గుడ్డ మూలుగుతోందిగా."

"నిజంగానా?"

"కదలకు."

కదల్లేదు. కానీ గోడమీది బీట ఆ కాసేపూ మసకబారింది. నీలం గుడ్డ, తెల్ల చుక్కలు. ఆ ముక్క తెచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. పెట్టె తెరిచినప్పుడల్లా ఆమె దానిమీద అరచేయి ఒకసారి రాసి, మడత చెదరకుండా పెట్టేసేది. అడగడం తెలియక కాదు. కొలత బొమ్మకు బట్టలేమిటనిపించేది. ఇప్పుడు ఆ కొలువు పోతోంది కదా, దానికి మారుగా ఒక్క గౌను. తన ఒంటికి, తనకోసం కుట్టింది.

వీపు వెంట కత్తెర పెట్టి అక్క ఆ పెంకును చీల్చి తీసింది. చల్లగాలి తగిలి చెల్లెలికి ఒళ్లు జలదరించింది. మంచంమీద కూచోబెట్టి, చీల్చినచోట మళ్లీ టేపు వేసి, లోపల కూరడానికి కత్తిరింపు ముక్కల సంచీ ఆమె ముందు గుమ్మరించింది అక్క. "ఊరికే కూచునే బదులు ఇవి అందించు."

అందించింది. ప్రతి ముక్కా ఆమెకు తెలుసు. ఇది వైద్యశాలలో నర్సుది. ఇది కూతురి పెళ్లికని కుట్టించుకుని, పెళ్లి తప్పిపోతే తీసుకెళ్లని ఆవిడది. బూడిదరంగు ముక్క దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

ఏళ్ల కిందట ఆ బూడిదరంగు గౌను ఒంటిమీద ఉన్నప్పుడే బొత్తాలమ్మే అతను వచ్చాడు. నెలనెలా వచ్చేవాడు. బొత్తాలు అక్కకు చూపిస్తూ కిటికీ వైపు చూసేవాడు. ఆరోజు టోపీ తీసి చేత్తో పట్టుకుని, "మీతో ఒక్కమాట అడగాలి" అన్నాడు, అక్కతో కాదు, ఆమెతో. సరిగ్గా అప్పుడే అక్క ఊపిరి పట్టమంది. పట్టింది. అతను జవాబు కోసం చూశాడు. ఆమె గోడమీది బీట వైపు చూసింది. ఊపిరి వదిలితే సూదులు గుచ్చుకుంటాయి. అక్క పళ్ల సందుల్లోంచి ఏదో అంది. అది "కాసేపాగండి" అని అతనికి అర్థం కాలేదు, పొమ్మన్నదనుకున్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పైనెల ఇంకొకతను వచ్చాడు.

"ఏమిటే, నిద్రపోతున్నావా? ఇటివ్వు" అంది అక్క. బూడిదరంగు ముక్క బొమ్మ పొట్టలోకి వెళ్లిపోయింది.

పాడైపోయిన నిలువు ఫ్యాను కాడకు బొమ్మను గుచ్చి కిటికీ పక్కన నిలబెట్టారు. ఫ్యాను దిమ్మ ఆ అరిగిన చోట సరిగ్గా కూచుంది. సరిచూద్దామని అక్క చెల్లెలి పాతగౌను తెచ్చి దానికి తొడిగింది. ఎదమీద గుండీలు పడలేదు. లాగింది. పడలేదు. ఒక్క అంగుళం తేడా.

అక్క నడుంమీద చేతులు పెట్టుకుంది. ఆనక పకపకా నవ్వింది. "టేపు చుట్టినంతసేపూ గాలి పీల్చి బిగబట్టావే మొద్దూ! నిన్నెవరు పట్టమన్నారు?"

"నువ్వు దగ్గరికొస్తే అదే పట్టేస్తుందక్కా."

"పోనీలే, ఒకందుకు మంచిదే. టీచరమ్మది సరిగ్గా ఈ కొలతే."

చెల్లెలు మంచంపట్టె గట్టిగా పట్టుకుంది. "మరి నా గౌను?"

"దీనిమీద కుడితే నీకు జోలెలా వేలాడదూ? చూద్దాంలే. ముందు ఆవిడ కోటు కుట్టి పడెయ్యనీ."

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగి, గుండెమీద చెయ్యేసుకుంది. "అమ్మో! బొమ్మక్కకి తల తీసేశారేమిటండీ!"

"తలతో పనేముంది మనకి?" అంది అక్క. "ఇది టీ అడగదు, కాళ్లు నొప్పులనదు."

ఇద్దరూ నవ్వారు. మంచంమీద చెల్లెలు కూడా నవ్వింది. అప్పుడు ఇటు చూసింది టీచరమ్మ. "అయ్యో, మీరిక్కడే ఉన్నారా!"

ఆవిడ వెళ్లాక చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. బీట ఇక్కడి నుంచి కనబడదు. ఎడమ భుజం కింద ఎవరో టేపు ఇంకా బిగిస్తున్నట్టే ఉంది. చెబుదామనుకుంది. మిషను చప్పుడు ఆగాక చెప్పొచ్చులే అనుకుంది. ఎండ కిటికీలోంచి బొమ్మ భుజంమీదికి, అక్కడి నుంచి నేలమీదికి దిగింది. మిషను ఆగింది. అక్క లేచి, కోటు బొమ్మకు తొడిగి, మోకాళ్లమీద కూచుని సూదులు పెదాల మధ్య పెట్టుకుంది.

"ఊపిరి పట్టు" అంది అలవాటుగా.

మంచంమీద చెల్లెలు పట్టింది.

సూదులు ఒకదాని కింద ఒకటి దిగాయి. బొమ్మ అదరలేదు, బెదరలేదు. పని ఇంత సుళువుగా ఎన్నడూ సాగలేదనుకుంది అక్క.

"ఊ, వదులు."

తరవాతి సూదికోసం పెదాల దగ్గరికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగింది. ఏదో వినబడాలి. వినబడలేదు. బొమ్మకేసి చూసింది. దానికి ఊపిరెక్కడిదని గుర్తొచ్చి తనలో తనే నవ్వుకోబోయి, వెనక్కి తిరిగింది.

"ఒసేయ్" అంది. సూదులు నేలమీద రాలాయి.

తెల్లారేసరికి నీలం చుక్కల గౌను తయారైంది. అంతకుముందు అక్క కొలత టేపు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి కొలతలు తీసింది. ఇన్నేళ్లలో చెల్లెల్ని టేపుతో కొలిచిందే లేదు. కొలతంటే చెల్లెలే. అయినా మిషను దగ్గర చేతులు వాటి దారి అవి చూసుకుని, గుడ్డను బొమ్మకే వేసి సరిచూసుకున్నాయి. చెల్లెలికి తొడిగితే ఎద దగ్గర అంగుళం వదులైంది. విప్పి కుట్టే వ్యవధి లేదు, బయట శ్మశానం బండి వచ్చేసింది. ఎక్కువైన గుడ్డను వీపు కిందికి మడిచి, అక్క సూది పట్టుకుని, అలవాటుగా నోరు తెరిచింది. మూసుకుంది. గుచ్చింది.

అందరూ వెళ్లిపోయాక ఇంటి తలుపు వేసి ఉంది. కిటికీ పక్కన, గచ్చు అరిగి మెరిసేచోట, చేతులు అతకని కోటు తొడుక్కుని బొమ్మ నిలబడి ఉంది, ఎదనిండా గాలి పీల్చుకుని.