ఏ చెవి పెట్టినా తెరుచుకున్న తాళం

ఆ పొద్దున ఆకాశం మంటలార్పేసిన పొగాకు బ్యారన్ కొట్టు లోపలి గోడలా ఉంది. మబ్బుంది, వాన లేదు. ఎండుంది, వెలుగు లేదు. అలాంటి పొద్దున నన్ను బండి నుంచి ఊడబీకించడానికి తీసుకొచ్చారు.

నేను ఒక తాళాన్ని. గొప్ప తాళాన్నేం కాదు. బీరువాకో హుండీకో పట్టినదాన్ని కాదు. మోటారుసైకిలు పక్కన చెప్పుల పెట్టెంత ఇనప డబ్బా ఉంటుంది చూడండి, సైడు డబ్బా అంటారు. దానికి బిగించిన బొటనవేలంత తాళాన్ని. నా కథ వినాలని మీకు ఉబలాటం ఉండదని తెలుసు. నాకూ చెప్పే ఓపిక పెద్దగా లేదు. కానీ నా మూలాన ఒక మనిషి స్తంభం మీద నుంచి పడ్డాడు. అది చెప్పకుండా పాత ఇనుములో కలవబుద్ధి కాలేదు.

ఉత్తరాదిన ఎక్కడో ఒక రేకుల షెడ్డులో నన్ను పోత పోశారు. పొట్టలో నాలుగు ఇత్తడి రేకులు, రేకుకో స్ప్రింగు, వెనకాల ఒక నాలుక. సరైన చెవి దూరితే నాలుగు రేకులూ ఒక వరసకొస్తాయి. అప్పుడు నేను తిరుగుతాను, నాలుక పక్కకు తప్పుకుంటుంది, మూత లేస్తుంది. నా విద్య అంతే. మనవాళ్లు తాళంచెవి అంటారు, ఆ మాట నాకు ఇష్టం. తాళానికి ఒకటే చెవి ఉన్నన్నాళ్లు మానంగా బతుకుతుంది.

మొదట నన్ను కొన్న బండాయన ఆరెంపీ డాక్టరు. డబ్బాలో సూదులు, బిళ్లలు, వాటి అడుగున గుడ్డలో చుట్టిన చుట్టలు. చుట్ట మానకపోతే చస్తావని పొద్దున నలుగురికి చెప్పి, మధ్యాహ్నం చెరువు గట్టున బండాపి నన్ను తెరిచేవాడు. తాళం వేసింది మందులకని ఊరనుకునేది. ఆయన తరవాత పొగాకు బయ్యరు. తన దగ్గరున్న ఆకు ఎలాంటిదో పక్క బయ్యరుకు తెలియకూడదని శాంపిలు ఆకులు నాలో దాచేవాడు. పక్క బయ్యరూ అలాగే దాచేవాడు. ఇద్దరివీ ఒకే చేను ఆకులే అని నాకు వాసనలో తెలిసేది. ఆయన చెవికి ఒక నకలు చేయించి అసలుది పోగొట్టుకున్నాడు. ఆ నకలును కూడా పోగొట్టేముందు దానికో నకలు చేయించాడు. అది నా రేకులను గీరుతూ తిరిగేది. దానికి తోడు మా వైపు ఎర్రదుమ్ము. ఆరేళ్లలో నా రేకులు అరిగి, అంచులు పోయి, నలిగిన బియ్యపు గింజల్లా అయ్యాయి.

ఆ తరవాత బండి మాలకొండయ్య చేతికి వచ్చింది. ఆయన కరెంటు లైన్‌మన్. మాట తక్కువ మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే, అందులో ఆరు ఫోనులో ఆఫీసుతో.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. స్తంభం ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి మూడు పింగాణీ ఫ్యూజులూ పీకుతాడు. అక్కడే వదిలేస్తే ఎవరో ఒక రైతు వచ్చి తగిలించేస్తాడు. మా వైపు రైతులకు ఫ్యూజు వేయడం నేర్పనక్కర్లేదు, ఈతలాగా వచ్చేస్తుంది. అందుకని వాటిని తెచ్చి డబ్బాలో పెట్టి, తాళం వేసి, చెవి చొక్కా జేబులో వేసుకుని అప్పుడు ఎక్కుతాడు. ఆ జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకుంటాడు. కొందరు దేవుడికి మొక్కి ఎక్కుతారు. ఆయన జేబు తడుముకుని ఎక్కుతాడు. చుట్టలు దాచాను, ఆకులు దాచాను. మనిషి ప్రాణం దాచడం అదే మొదలు. ఆ బరువుకు నేను సరిపోనని నాకు ఒక్కదానికే తెలుసు. చెప్పడానికి ఉన్న ఒక్క నాలుకా లోపలికి తిరిగి ఉంది.

ఒకనాడు ఆయన చెవి ఇంట్లో మరిచి వచ్చాడు. బామ్మర్ది తిరుపాలు మోపెడు వేసుకుని ఆ దారిన పోతుంటే ఆపాడు. తిరుపాలు ఆయన భార్య ఆదెమ్మకు తమ్ముడు, అదే ఊళ్లో రెండెకరాల మిరప తోట రైతు.

"ఒరే, నీ బండి చెవి ఇటియ్యి."

"నా చెవి నీ డబ్బాకెందుకు బావా? అల్లుణ్ణి తెచ్చి ఇంకో ఇంట్లో కూకోబెట్టినట్టు."

"ఇయ్యరా. దీనికి ఆ తేడాల్లేవు."

పెట్టాడు. నేను తిరిగాను. ఎవరి చెవి అని అడిగే పళ్లు నాకు లేవు.

తిరుపాలు పడీపడీ నవ్వాడు. "ఇది తాళమా బావా? సత్రం తలుపు. ఎవురొచ్చినా దయచెయ్యండి అంటంది."

"పోనీరా. నా డబ్బాలో దొంగకేం పనుంది."

ఆ మాట దగ్గర మాలకొండయ్య పొరబడ్డాడు. మనుషులంతా అక్కడే పొరబడతారు. తాళం దొంగ కోసమనుకుంటారు. ఫ్యూజులు దొంగకెందుకు? వాటితో పని ఉన్నవాడు తెలిసినవాడే, ఆ మాటకొస్తే కావలసినవాడే.

గాలివాన వచ్చి పోయిన మూడో రోజు. సుబాబుల్ తోట వెనకాల స్తంభం మీద తీగ ఊడి వేలాడుతోంది. మూడు రోజులుగా బోర్లు లేవు. వాన తక్కువ, గాలి ఎక్కువ పడిన ఏడు అది. మిరప తోటలు తలలు వాల్చేశాయి. తిరుపాలు పొద్దుట నుంచి బోరు దగ్గరే ఉన్నాడు. మాలకొండయ్య సాయం మనిషి సెలవులో ఉంటే ఒక్కడే వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మరు పక్కన బండి నిలిపి, ఫ్యూజులు పీకి నాలో పెట్టి తాళం వేశాడు. జేబు తడుముకున్నాడు. ఫోను మోగింది.

"ఆఁ సార్. లైన్ క్లియర్ సార్. ఆఁ, లైన్ క్లియరయిపోయింది."

అంటూనే సుబాబుల్ తోటలోకి నడిచిపోయాడు.

గట్టు మీద వస్తున్న తిరుపాలు చెవిన ఆ మాట పడింది. మాలకొండయ్య భాషలో లైన్ క్లియరంటే తీగ చచ్చింది, ఇక ముట్టుకోవచ్చు అని. తిరుపాలు భాషలో తీగ బతికింది, ఇక మోటారు వేసుకోవచ్చు అని. ఒకే మాట. అటువైపు నుంచి చూస్తే ఒకటి, ఇటువైపు నుంచి చూస్తే ఇంకొకటి.

పని అయిపోయింది, బావ తోటలోకి చెంబుకు పోయి ఉంటాడు అనుకున్నాడు తిరుపాలు. భుజాన తాడు కనబడలేదా అని తరవాత అందరూ అడిగారు. కళ్ల ముందు తోట ఎండిపోతున్నవాడికి తాడు కనబడదు. కాసేపు చూశాడు. "బావోయ్" అని ఒక కేక వేశాడు. గాలి అటునుంచి ఇటు కొడుతోంది. ఆపైన నా దగ్గరికొచ్చి మోపెడు చెవి తీశాడు.

నేను బిగుసుకోవాలని చూశాను. రేకులు లేని తాళం ఎంత బిగుసుకుంటుంది? తిరిగాను.

మొదటి ఫ్యూజు పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మరు గొంతు మారింది. ఆ వెంటనే సుబాబుల్ వెనక నుంచి ఒక కేక వినబడింది. మనిషి కేకలా లేదు, గొడ్డు కేకలా ఉంది. తిరుపాలు ఆ ఫ్యూజు ఎంత వేగంగా పీకాడంటే పింగాణీ చేతిలో పగిలి అరచెయ్యి చీలింది. పరిగెత్తాడు. పరిగెత్తుతూ "బావా, బావా" అంటున్నాడు. అంతసేపూ నా మూత తెరిచే ఉంది. రెండు ఫ్యూజులు లోపల అలాగే ఉన్నాయి.

కరెంటు పట్టుకోలేదు, విసిరికొట్టింది. కింద మెత్తగా దున్నిన మడి. భుజం ఎముక విరిగింది. కుడిచేతి రెండు వేళ్లు మాడి, కొయ్యముక్కల్లా అయ్యాయి. ప్రాణం నిలిచింది. విచారణకు వచ్చిన ఆఫీసర్లకు మాలకొండయ్య "కాలు జారింది" అని చెప్పాడు. మూడే మాటలు చెప్పాలంటే రెండింటితో సరిపెట్టే మనిషి గనక వాళ్లూ నమ్మారు. తిరుపాలు పేరు ఎక్కడా రాలేదు. కానీ ఆ రోజు నుంచి తిరుపాలుతో మాట లేదు. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడితే గోడవైపు తిరిగాడు. ఇంటికొస్తే దుప్పటి కప్పుకున్నాడు. తమ్ముడు వాకిట్లో, మొగుడు నట్టింట్లో. ఆదెమ్మ ఇద్దరికీ మధ్య గడపలా అయిపోయింది.

రెండు నెలలు బండి వసారాలో ఉంది. డ్యూటీకి రమ్మని కబురు వచ్చిన రోజున ఆదెమ్మతో అనగా విన్నాను. "స్తంభం చూస్తే భయమేస్తందే. పైనున్న తీగకు కాదు. కింద ఎవుడేం చేస్తాడో అని. ఆ తాళం మారినా ఎక్కగలనో లేదో. ఎక్కలేకపోతే రాజీనామా కాగితం రాసిస్తా." పదహారేళ్ల ఉద్యోగం. ఎక్కడం తప్ప ఇంకో పని తెలియని మనిషి. ఆ మాట తిరుపాలుకు ఎవరు చేరేశారో నేను చెప్పను, గడపకే తెలుసు.

అందుకని ఆ మసక పొద్దున తిరుపాలు వచ్చి, ఏమీ అడక్కుండా బండి నెట్టుకుంటూ అడ్డరోడ్డు దగ్గర ఖాదర్‌బాషా మెకానిక్ షెడ్డుకు తెచ్చాడు. వెనకాల నూరు గజాల దూరంలో మాలకొండయ్య నడిచి వచ్చాడు. ఇద్దరూ ఒకే బండితో వచ్చి ఎవరికి వారుగా నిలబడ్డారు.

బాషా నన్ను చూసి తన బండి చెవి పెట్టాడు, తిరిగాను. స్క్రూడ్రైవరు మొన పెట్టాడు, తిరిగాను. చీపురు పుల్ల రెండుగా మడిచి పెట్టాడు. ఏం చెప్పను, దానికీ తిరిగాను.

"అన్నా, ఇది తాళం కాదు, దణ్ణం. ఎవురొస్తే వాళ్లకి పెడతంది."

ఎవరూ నవ్వలేదు. బాషా కిరసనాయిలు డబ్బా అందుకున్నాడు.

వెనకాల నట్టు తుప్పుపట్టి అరగంట సతాయించింది. రానని కాదు, అన్నేళ్లు కూర్చున్న చోటు అది. చివరికి చిన్న చప్పుడుతో ఊడి వచ్చాను. బాషా నన్ను నట్లున్న సత్తు మూతలో పడేశాడు. అక్కడి నుంచి నాకు అంతా కనబడుతోంది. ఇన్నేళ్లూ బయటికి ఒక కన్నమే ఉన్నదాన్ని. లోకం ఇంత వెడల్పని అప్పుడే తెలిసింది.

నా చోట్లో తిరుపాలు కొనుక్కొచ్చిన కొత్తది కూర్చుంది. మెరుస్తోంది, పొగరుగా ఉంది. నేనూ అలాగే ఉండేదాన్ని.

"గట్టిదేనా అని అడుగు బాషా," అన్నాడు మాలకొండయ్య, బామ్మర్దిని చూడకుండా.

"నన్నెందుకు అడగడం, తెచ్చినోడు ఎదురుగానే ఉన్నాడుగా అన్నా."

"నువ్వు అడుగు."

"తిరుపాలూ, మీ బావ గట్టిదేనా అంటన్నాడు."

తిరుపాలు జేబులోంచి చెవుల గుత్తి తీశాడు. మోపెడు చెవి పెట్టాడు. తిరగలేదు. మోటారు షెడ్డు చెవి పెట్టాడు. ఇంటి చెవి పెట్టాడు, సగం కూడా దూరలేదు. షెడ్డు గూట్లో ఉన్న పాత చెవులన్నీ తెచ్చి ఒక్కొక్కటీ పెట్టాడు. ఇరవయ్యో ముప్ఫయ్యో. అరచేతిలో పింగాణీ కోసిన మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. మాలకొండయ్య స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క చెవినీ చూస్తున్నాడు. ఒక్కటీ తిరగలేదు. ఆఖరి చెవి గూట్లో పడేసి తిరుపాలు నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

బాషా కొత్త చెవులు రెండూ పైకి తీశాడు. "ఒకటి అన్నకి. రెండోది ఇంట్లో ఆదెమ్మక్క దగ్గర పెట్టుకోండి, పోతే పనికొస్తది."

"రెండోది ఉండకూడదు," అన్నాడు తిరుపాలు. "వైసులో పెట్టి ఇరగ్గొట్టు."

"మతుండే అంటన్నావా? మొదటిది పోతే?"

"పోతే డబ్బా బద్దలుకొట్టుకుంటాం. మా అక్క దగ్గర ఉందంటే నేను అడుగుతా బాషా. ఏదో ఒక ఎండకి, ఏదో ఒక తోటకి, నేనే పోయి అడుగుతా. అది ఇస్తది. ఇరగ్గొట్టు."

బాషా మాలకొండయ్య వైపు చూశాడు. ఆయన మొదటిసారి తిరుపాలు ముఖం వైపు చూశాడు. బాషా రెండో చెవిని బల్లకున్న వైసు ఇనప దవడల మధ్య బిగించి సుత్తితో ఒక్కటిచ్చాడు. రెండు ముక్కలూ వచ్చి నా పక్కనే మూతలో పడ్డాయి. ఒక్కసారి కూడా తాళంలో దూరని చెవి. దానికేం జరిగిందో దానికి తెలియదు పాపం.

మాలకొండయ్య మిగిలిన చెవిని జేబులో వేసుకున్నాడు. రోడ్డు అవతల ఒక కరెంటు స్తంభం ఉంది. కాసేపు దానికేసి చూశాడు.

"రేపు పొద్దున్నే రెండు స్తంభాలున్నయ్యి," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "ఆణ్ణి చేతులు కడుక్కోమను బాషా."

ఆదెమ్మ పంపిన క్యారియరు బండి హ్యాండిలుకు తగిలించి ఉంది. షెడ్డులో గోనెపట్టా పరిచారు. అన్నం, బొచ్చె చేప పులుసు. బాషా తన రొట్టెలు తెచ్చుకుని వాళ్ల పక్కనే కూర్చున్నాడు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, దుమ్ము లేచి, ఆగింది. ఆ రెండు వేళ్లూ మడతపడక మాలకొండయ్య మిగిలిన వేళ్లతోనే అన్నం కలుపుకుంటున్నాడు. బొచ్చెకు వెంట్రుకల్లాంటి ముళ్లు. మామూలు వేళ్లకే అందవు.

తిరుపాలు తన పళ్లెంలోని పెద్ద ముక్క తీసుకుని ఒక్కొక్క ముల్లే ఏరాడు. చాలాసేపు ఏరాడు. ఏరి, అడక్కుండా, బావ పళ్లెం అంచున పెట్టాడు.

మాలకొండయ్య ముళ్లేమైనా మిగిలాయేమోనని తడమలేదు. ముక్క అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు.