మాట్లాడేది మెకానికే

ఆదివారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు హాల్లోకి వెళ్ళి పాటల రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ తుడిచి రావడం దుర్గాశ్రీకి అలవాటు. అద్దంలాంటి మూత ఎత్తి, మెత్తటి గుడ్డతో అంచులన్నీ ఒత్తి, రికార్డు మీద ఆడే ముల్లుని సన్నటి బ్రష్షుతో వెనకనుంచి ముందుకి దువ్వుతుంది. పదింటికల్లా భర్త జగపతిరాజు స్నేహితులు పాటలు వినడానికి వస్తారు. భీమవరంలో అలాంటి మెషీను ఇంకెవరింట్లోనూ లేదు. రొయ్యల చెరువులు బాగా కలిసొచ్చిన ఏడాది మద్రాసులో ఒక సౌండ్ ఇంజినీరు దగ్గర కొన్నాడు.

"జపాన్ సరుకండి. బెల్టు ఉండదు. పళ్ళెం కిందున్న మోటారే నేరుగా తిప్పుద్ది," అని ప్రతివారం వాళ్ళకి చెబుతాడు. "కొనడం కాదండి, మెయింటెనెన్సే కష్టం. చంటిపిల్లలా చూసుకోవాలి. నేను తప్ప ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."

సరిగ్గా ఆ మాట దగ్గరే దుర్గాశ్రీ పెసరట్ల పళ్ళేలతో హాల్లోకి వస్తూ ఉంటుంది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అదీ పోయింది. ఇంట్లో చంటిపిల్లల్ని మాత్రం ఈయన చూసుకున్నాడా ఏంటి, ఇదీ అంతే అనుకునేది. మెషీనుతో వచ్చిన ఇంగ్లీషు మాన్యువల్ తెరిచి చదివింది ఇంట్లో ఆమె ఒక్కతే. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన మనిషికి అందులో తెలియనిది పెద్దగా కనిపించలేదు. కాపురానికొచ్చిన కొత్తలో మిక్సీ పాడైతే విప్పి కూర్చుంది. అత్తగారు వరలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి, "మగాళ్ళు చూసుకునే పనులు మనకెందుకమ్మా, ఎవరైనా చూస్తే బాగోదు," అంది. ఆ రోజు స్క్రూడ్రైవరు బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళింది. దుర్గాశ్రీ చదువు కూడా దాంతోపాటే వెళ్ళింది.

ఆ ఏడు వానల్లో మెషీనుకి జబ్బు చేసింది. స్నేహితులందరి ముందూ పాట వేగం తగ్గి సాగిపోయి, ఉన్నట్టుండి పరుగెత్తి, మళ్ళీ సాగింది. జగపతిరాజు ముఖం ఎర్రబడింది. "తుడిచేటప్పుడు ఏదో కదిపేశావు," అన్నాడు, అందరూ వినేలా.

ఆ మాట ఆమెని వదల్లేదు. అతని లెక్కలో, బాగున్నన్నాళ్ళూ చూసుకున్నది తను కాదు. పాడయ్యేసరికి మాత్రం చెయ్యి పెట్టింది తనే. బుధవారం అతను చెరువుల మీదకి వెళ్ళాక, బజారుకెళ్ళి రేడియో షాపులో కాంటాక్టు క్లీనరు స్ప్రే, నాలుగు కెపాసిటర్లు, టంకం సామాను కొనుక్కొచ్చింది. పళ్ళెం ఎత్తి పక్కన పెట్టి, అడుగు విప్పింది. ఉప్పుగాలికి స్పీడు సరిచేసే కంట్రోలు లోపల మసి పట్టినట్టు నల్లబడి ఉంది. ఒక కెపాసిటరు ఉబ్బింది. కంట్రోలులో స్ప్రే కొట్టి తుడిచి, ఉబ్బినదాన్ని తీసేసి కొత్తది అతికించింది. టంకం పొగ వాసన ముక్కుకి తగలగానే చేతులకి పాత అలవాటు గుర్తొచ్చింది. అన్నీ బిగించి ఆన్ చేసింది. పళ్ళెం అంచు చుట్టూ ఉన్న చుక్కలు ఎర్ర లైటు వెలుగులో కాసేపు ఊగి, ఉన్నచోటే నిలబడిపోయాయి. అంటే స్పీడు కుదిరినట్టే. ఒక రికార్డు పెట్టి, అతని కుర్చీలో కూర్చుని, రెండు వైపులా పూర్తిగా వింది. ఇన్నేళ్ళలో తన కోసం తను పాట పెట్టుకోవడం అదే మొదటిసారి.

సాయంత్రం చెప్పింది. "బాగుచేశానండి."

"ఊఁ. లూజు కాంటాక్టు అయ్యుంటుంది," అన్నాడు చెప్పులు విడుస్తూ.

ఆదివారం రాజమండ్రి నుంచి కొత్తగా ఒక డాక్టరుగారు వచ్చారు. పేరు శివరామకృష్ణ. ఆయన దగ్గరా అలాంటి మెషీనే ఉందట, ఏడాదిగా మూలన పడి ఉందట. "మీదీ పాడైందని విన్నాను. ఎవరు బాగుచేశారండి?" అని అడిగారు.

"మద్రాసు నుంచి మెకానిక్‌ని రప్పించాను," అన్నాడు జగపతిరాజు.

వంటింట్లో దుర్గాశ్రీ టీ వడపోస్తోంది. చెయ్యి ఆగలేదు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చింది ఈ మనిషికి అని మాత్రం ఆశ్చర్యపోయింది. తను ఒప్పుకుంటూ వచ్చింది కాబట్టే వచ్చిందని కూడా అప్పుడే తోచింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది. జగపతిరాజు భోంచేస్తున్నాడు. వరలక్ష్మమ్మ నెయ్యి వడ్డిస్తోంది. దుర్గాశ్రీ ఫోను ఎత్తింది.

"నేను డాక్టర్ శివరామకృష్ణనమ్మా. ఆ మద్రాసు మెకానిక్ నంబరు కావాలి. రాజుగారిని అడిగి చెబుతావా?"

ఆమె భర్త వైపు చూసింది. అతను ముద్ద కలుపుతున్నాడు.

"మాట్లాడేది ఆ మెకానికేనండి," అంది.

వరలక్ష్మమ్మ నెయ్యి గిన్నె కింద పెట్టేసింది.

"మీరేనా అండి?" డాక్టరుగారి గొంతు మారింది. "అయితే ఎప్పుడు రాగలరండి?"

"గురువారం వస్తానండి."

ఫోను పెట్టాక జగపతిరాజు చెయ్యి కడిగేసుకున్నాడు. "ఆయన ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు."

"నేను బాగుచేసింది మెషీన్నేనండి. మిగతాది మీరు చెప్పుకున్నదే."

"మనింటి ఆడవాళ్ళు ఊళ్ళోవాళ్ళ సామాన్లు బాగుచేస్తారా?" అంది వరలక్ష్మమ్మ.

"మనింట్లోది మొన్న నేనే చేశాను కదండీ అత్తయ్యగారూ. అప్పుడెవరూ వద్దనలేదు."

గురువారం బస్సెక్కి రాజమండ్రి వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా డాక్టరుగారి మెషీను తిరిగింది. ఆయన కవరు ఇవ్వబోతే 'అబ్బే, ఎందుకండి' అనే మాట నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగేసి కవరు తీసుకుంది. ఆ మాట మింగడం టంకం వెయ్యడం కంటే కష్టమైంది.

ఆయన ఇద్దరికి చెప్పారు, వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. కాకినాడ నుంచి ఫోన్లొచ్చాయి, పాలకొల్లు నుంచి ఒకాయన మెషీను ఒళ్ళో పెట్టుకుని కారులో వచ్చాడు. జగపతిరాజు చాలాకాలం ఎడమొహంగానే ఉన్నాడు. ఆదివారం స్నేహితుల దగ్గర మెయింటెనెన్సు మాటెత్తడం మానేశాడు గానీ, చేసేదెవరో మాత్రం చెప్పలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. ఒక శుక్రవారం అతని మెషీను పూర్తిగా ఆగిపోయింది. కాసేపు దాని చుట్టూ తిరిగి, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దుర్గా, కాస్త చూస్తావా? ఎల్లుండి అందరూ వస్తారు."

ఆమె స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుంది.

"చూస్తానండి. ఎల్లుండే చూస్తాను. అందరూ వచ్చాక, హాల్లో, వాళ్ళ ముందే విప్పుతాను. ఆ రోజు టీ మాత్రం మీరు పెట్టాలి."