దుప్పి వీపు మీది చుక్కలు

బుగ్గయ్య జేబులోంచి కుంచె తీసి, నాలుకతో మొన తీర్చి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తాను, శ్రీపతి పోచారం అడవిలో, ఇప్పచెట్టుకు ఎదురుగా పొద చాటున ఉన్నామన్న సంగతి ఆ చేతికి తెలియదు. నారాయణగూడ స్టూడియోలో ఫొటోల మీద దుమ్ము వల్ల పడే తెల్ల చుక్కల్ని నల్ల సిరాతో పూడ్చడం ముప్పై ఏళ్లుగా దాని పని. పెళ్లికూతురి జడ మీదైనా, పెద్దమనిషి కోటు మీదైనా ఒకటే శ్రద్ధ. చుక్క కనబడితే ఆగదు.

ఆ ఆగకపోవడమే ఒకసారి కొంప ముంచింది. అశోక్‌నగర్ శ్రీపతి అటవీశాఖలో గుమాస్తా. ఆరేళ్ల కిందట, తన తండ్రి తీసిన చుక్కల దుప్పి ఫొటో తెచ్చి, చిరిగిన మూల అతికించమన్నాడు. అదొక్కటే ప్రతి. నెగెటివూ లేదు, తండ్రీ లేడు. బుగ్గయ్య మూల అతికించి, పనిలో పనిగా దుప్పి వీపు మీది చుక్కల్ని దుమ్మనుకుని నలభై దాకా పూడ్చేశాడు. గడ్డిలో బొటనవేలంత జంతువు. అది దుప్పో దూడో అతను చూడనే లేదు. శ్రీపతి పడీ పడీ నవ్వి, ఫొటోను అలాగే గోడకు తగిలించుకున్నాడు. బుగ్గయ్యకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటి నుంచి ఎక్కడికి పోవాలన్నా అశోక్‌నగర్ తప్పించి, దోమలగూడ చుట్టు తిరిగి పోయేవాడు.

ఇప్పుడు ఎడమకంట్లో పొర కమ్మింది. కుడికన్నూ అంతంతమాత్రమే. రేపటి నుంచి పని మానేస్తున్నాడు. మానేలోగా చుక్కలున్న దుప్పి ఫొటో ఒకటి తన చేత్తో తీసి శ్రీపతికి ఇవ్వాలి. అందుకు అడవికి తీసుకుపొమ్మని అడగడానికి బుగ్గయ్యకు నెల పట్టింది. ఒప్పుకోవడానికి శ్రీపతికి క్షణం పట్టలేదు.

కంటిని నమ్మలేక, నిన్న సాయంత్రమే ఇప్పచెట్టు దాకా తాడుతో కొలిచాడు. స్టూడియోలో కుర్చీ ఎక్కడ వెయ్యాలో నేల మీద గీత ఉంటుంది. ఇక్కడ రాలిన ఇప్పపూలే గీత. కెమెరా ఆ దూరానికే సరిచేసి ఉంది. దుప్పి వచ్చి అక్కడ నిలబడడమే మిగిలింది.

ఉగాది ఇంకా నాలుగు రోజులుంది. మోదుగులు ఎర్రగా విరగబూశాయి. కాస్త ఎండ పొడిచేసరికి దుప్పులు వచ్చాయి. ముందు రెండు ఆడవి, వెనక కొమ్ముల పోతు. కెమెరాకు కుడికన్ను ఆనించి చూస్తే, దాని వెన్నుకు అటూ ఇటూ చుక్కలు వరస తప్పకుండా ఉన్నాయి, డొక్కల మీద ఎవరో చల్లినట్టున్నాయి. బుగ్గయ్యకు కడుపు నిండిపోయింది. ఇంత అందాన్నా నేను పూడ్చిపెట్టింది అనుకున్నాడు.

పోతు తల వంచి పూలు ఏరుకు తింటోంది. ముఖం కనబడడం లేదు.

“జర గడ్డం పైకి,” అన్నాడు బుగ్గయ్య మెల్లగా, అలవాటు కొద్దీ.

అది తలెత్తి చూసింది. కెమెరా టక్కుమంది. మూడూ ఒక్క దూకులో మాయమయ్యాయి.

శ్రీపతి తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. “ఏంది బుగ్గయ్యన్నా, దుప్పికి గూడ ఫోజు చెప్తున్నవా?”

“చెప్తే ఇన్నది గద సార్. పెండ్లికొడుకులే ఇనరు.”

బస్సులో ఊరు చేరేదాకా ఇద్దరూ ఆ మాట తలచుకుని నవ్వుతూనే ఉన్నారు.

సాయంత్రానికి ప్రింటు ఆరింది. స్టూడియో యజమాని విశ్వేశ్వరరావు ఏలూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ప్రింటును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాడు.

“చాలా బాగా వచ్చిందండీ బుగ్గయ్యగారూ. ఈ చుక్కలన్నీ దుప్పివేనా, దుమ్మేమన్నా ఉందా?”

బుగ్గయ్య దాన్ని కుడికంటికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకున్నాడు. “మెడ మీద గీ ఒక్కటి దుమ్ము సార్. పొద్దుగాల దానికి లేకుండె.”

“అయితే పూడ్చెయ్యండి.”

కుంచె చేతిలోకి వచ్చింది. సిరాబుడ్డి దాకా వెళ్లి ఆగింది.

“ఉండనియ్యండి,” అన్నాడు బుగ్గయ్య. “నలభై మింగిన. ఒక్కటన్న వాపస్ ఇస్త.”

శ్రీపతి ఫొటోను రెండు చేతులా అందుకున్నాడు. “మా నాయిన ఫొటో పక్కన్నే పెడ్త. రేపు వచ్చి చూడాలె నువ్వు.”

“వస్త సార్. సీదా తొవ్వల్నే వస్త.”

విశ్వేశ్వరరావు గుమ్మం దాకా సాగనంపాడు. బుగ్గయ్య చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా, ఈల వేసుకుంటూ చిక్కడపల్లిలోని ఇంటి వైపు నడిచాడు.

బల్ల మీద కుంచె ఉంది. పొద్దున అడవిలో నాలుకతో తీర్చిన మొన, సిరా అంటకుండా, ఇంకా సూదిలాగే ఉంది.