ప్రార్థనలో ఎక్కాలు

వీధికో ఇంగ్లీషు మీడియం స్కూలు వెలుస్తున్న ఆ రోజుల్లో, పిల్లలిద్దర్నీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తానంది సువార్త. ఉయ్యూరులో తమ పరువు సగం పోయిందని అత్త దానమ్మ తేల్చేసింది. విజయవాడలో స్త్రీల కూడికకి వెళ్లి, తన పిల్లల్ని ఇంట్లోనే చదివించానని ఎవరో తల్లి చెప్పిన సాక్ష్యం విని ఈ ఆలోచన తెచ్చుకుంది కోడలు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరైన మొగుడు సొలొమోను క్యారేజీ అందుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. చివరికి దానమ్మే గడువు పెట్టింది. క్రిస్మస్ నాడు సంఘం ముందు పెద్దాడు ఆషేరు తన చదువేంటో చూపించాలి, లేకపోతే ఇద్దరూ హాస్టలుకే. పిల్లలు లేని ఇల్లు సువార్త ఊహించుకోలేకపోయింది.

ఇంటి బడి ప్రార్థనతో మొదలైంది, అక్కడే ఆగిపోయింది. రెండో ఎక్కం చెప్పమనగానే ఆషేరు కళ్లు మూసుకుని ప్రార్థన అందుకునేవాడు. ప్రార్థన చేసేవాణ్ణి మధ్యలో ఆపడం వాళ్ల ఇంటావంటా లేదు. వాడు చెరుకు లారీలకీ, వాటి డ్రైవర్లకీ, జ్వరమొచ్చిన పక్కింటి గేదెకీ విడివిడిగా వేడుకునేవాడు. చెల్లెలు కెజియా మధ్యమధ్య స్తోత్రం అంటూ వాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేది. ఆమెన్ అనేసరికి అన్నం వేళయ్యేది. ఇంత భక్తిగల దొంగవెధవని సువార్త ఎక్కడా చూడలేదు.

ఒకరోజు ఆవిడకు ఒళ్లు మండి, వాడికంటే ముందు తనే కళ్లు మూసుకుంది. పరలోకమందున్న తండ్రీ అని పిలిచి, రెండు ఒకట్ల రెండు అని విన్నవించుకుంది. పిల్లలు బిత్తరపోయారు. తల్లి ప్రార్థనలో ఉండగా లేచి వెళ్లడానికి లేదు, వరసవరసకీ ఆమెన్ చెప్పక తప్పదు. వానలు వెనకబట్టేసరికి పదో ఎక్కం దాకా అన్నీ దేవుడి చెవిన పడ్డాయి. దానమ్మ మాత్రం వరండాలో బియ్యం ఏరుకుంటూ, చదువుకి పట్టిన గతి చూడమని వచ్చేపోయేవాళ్లతో వాపోయేది.

క్రిస్మస్ ఆరాధనలో పాస్టరుగారు ఆషేరుని ముందుకు పిలిచి ఏడో ఎక్కం అడిగారు. వాడికి ఎక్కం వచ్చే దారి ఒక్కటే. చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఏడు ఒకట్ల ఏడు."

మందిరం నిండా జనం గబుక్కున తలలు వంచి ఆమెన్ అన్నారు. పాస్టరుగారు ఏదో అనబోయి, మర్యాద కాదని ఆయనా తలవంచారు. ఏడేడులు నలభై తొమ్మిదికి వెనక వరసల్లో స్తోత్రాలు కూడా వినబడ్డాయి. ఏడెనిమిదుల దగ్గర వాడు ఆగిపోయాడు.

ఎవరూ కళ్లు తెరవలేదు. అందిద్దామంటే, ఏడెనిమిదులు ఎంతో ఆ క్షణాన సువార్తకే తట్టలేదు. పిల్లలు చేజారిపోయారనుకుంది.

"యాభయ్యారు, తండ్రీ," అంది పక్కనుంచి ఒక గొంతు. "కానివ్వరా."

బడి గడప తొక్కని దానమ్మ, కొంగు తలమీద కప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, తర్వాతి వరస కూడా పెదాలతో అనేస్తోంది.

ఇంటికొచ్చాక సువార్త భయంభయంగా హాస్టలు మాట ఎత్తింది. దానమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

"పన్నెండో ఎక్కం కాకుండా ఎక్కడికి పంపిస్తావే? నాకింకా రాదుగా."